బాబాయిగారి వరస: ఇరవై రెండేళ్ల సొంత వెబ్‌సైట్‌ను తిరిగి కట్టిన కేస్ స్టడీ

2025 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున పెరంబూరు నుంచి బాబాయిగారు ఫోన్ చేశారు. “అమ్మా, నా సైటు ఫోన్లో తెరిస్తే తెలుగు రావడం లేదట. ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, చుక్కలు వస్తున్నాయట. విజయవాడలో మావాడొకడు చదువుదామని కూర్చుని విసుగెత్తి నాకు ఫోన్ చేశాడు. నువ్వొకసారి చూస్తావా?”

ఆయన నాకు సొంత బాబాయి కాదు. మా నాన్నగారూ ఆయనా పెరంబూరు ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో ఒకే వర్క్‌షాపులో పాతికేళ్లు పనిచేశారు. పిన్నిగారి చేతి అన్నం తిని పెరిగినదాన్ని. నేను చెన్నైలో పన్నెండేళ్లుగా వెబ్‌సైట్లు కడుతున్నాను, ఎక్కువగా షాపులకీ క్లినిక్‌లకీ. ఒక మనిషి తన కోసం ఇరవై రెండేళ్లు రాసుకున్న సైటు మీద చెయ్యి వేయడం మాత్రం ఇదే మొదటిసారి. జూన్‌లో మొదలుపెట్టి దసరాకు పూర్తిచేశాం. ఇలాంటి పాత తెలుగు సైట్లు ఇంకా చాలామంది ఇళ్లలో ఉన్నాయి, వాటిని బాగుచేసేవాళ్లకు పనికొస్తుందని చేసిందంతా రాస్తున్నాను. నా పొరపాట్లతో సహా.

సైటులో ఏముంది

బాబాయిగారు 1965లో గుంటూరు జిల్లా నుంచి ఉద్యోగానికి మద్రాసు వచ్చారు. 2003లో రిటైరై ఆ ఏడు వినాయక చవితికి సైటు మొదలుపెట్టారు. విషయం ఒక్కటే, మద్రాసులో తెలుగువాళ్ల జాడలు. బ్రాడ్వే రోడ్డు టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరున ప్రకాశం సాలై ఎలా అయింది, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టిన ఆంధ్రపత్రిక 1914లో ఇక్కడికి వచ్చి దినపత్రిక ఎలా అయింది, 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు కన్నుమూసిన మైలాపూరు ఇల్లు ఎలా ఉంటుంది, టి.నగర్‌లో పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా ఎవరు, 1947లో చందమామ ఎలా మొదలైంది. వీటి మధ్యలో ఏ వీధిలో ఏ హోటల్లో పెసరట్టు దొరికేది, ఏ గుడి దగ్గర తెలుగు పంచాంగం అమ్మేవారు అన్న సంగతులు. పుస్తకాల్లో దొరకనివి ఆ రెండో రకమే.

లెక్కపెడితే 403 పేజీలు తేలాయి. అన్నీ ఫ్రంట్‌పేజ్‌లో చేసినవే. మైక్రోసాఫ్ట్ ఆ సాఫ్ట్‌వేర్‌ను 2006లోనే ఆపేసింది. పేజీ అంతా 780 పిక్సెళ్ల వెడల్పున్న టేబుల్‌లో బిగించి ఉంది, అడుగున “800 బై 600 స్క్రీన్‌పై చక్కగా కనిపించును” అని ఒక గమనిక. నిమ్మపండు రంగు వెనకతలం. పైన కుడి నుంచి ఎడమకు పరుగెత్తే ఒక వాక్యం.

ముందుగా చేసింది బ్యాకప్. సర్వర్ మీద ఉన్నది దించుకున్నాను, బాబాయిగారి పాత కంప్యూటర్ హార్డ్ డిస్కులో ఉన్నది వేరే ఫోల్డర్లో పెట్టాను, ఆయన బీరువాలో దాచిన సీడీల్లో ఉన్నది ఇంకో ఫోల్డర్లో. మూడూ ఒకటి కావు. కొన్ని పేజీలు సర్వర్ మీద సగంలో తెగిపోయి ఉన్నాయి, సీడీలో మాత్రం పూర్తిగా ఉన్నాయి. మూడింటినీ పేజీ పేజీ పోల్చి, ఏది పూర్తిగా ఉందో రాసుకోవడానికే రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో ఒక్క రంగు గురించి కూడా ఆలోచించలేదు.

తెలుగు ఎందుకు కనిపించలేదు

403లో 214 పేజీలు 2008కి ముందువి. వాటి ఫైళ్లలో అసలు తెలుగు లేదు.

యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో సంఖ్య కేటాయించే ప్రమాణంలో, తెలుగుకు 1991 నుంచే చోటుంది. కానీ ఇళ్లలో కంప్యూటర్లు దాన్ని చూపించగలిగింది విండోస్ ఎక్స్‌పీ, అందులో వచ్చిన గౌతమి ఫాంటు తర్వాతే. 2003లో బాబాయిగారి దగ్గరున్నది విండోస్ 98. అప్పట్లో అందరూ చేసిన పనే ఆయనా చేశారు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన ఒక ఫాంటు కొనుక్కొచ్చి దానితో టైపు చేశారు. ఫైల్లో ఉండేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, ఆ ఫాంటు వేసుకుని చూస్తేనే తెలుగు. చదివేవాళ్ల దగ్గర ఫాంటు లేకపోయినా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ దాన్ని సైటు నుంచే తెచ్చుకునే ఏర్పాటు ఒకటి ఉండేది. ఇప్పటి ఫోన్లలో ఆ బ్రౌజరూ లేదు, ఆ ఫాంటు రకమూ పనిచేయదు. దీనికి తోడు ఎనిమిదేళ్ల కిందట హోస్టింగ్ కంపెనీవాళ్లు సర్వర్ మార్చి, చెప్పాపెట్టకుండా అన్ని పేజీలనూ యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను ఫైల్లో రాసే పద్ధతి) అని ప్రకటించడం మొదలుపెట్టారు. దాంతో సగం గుర్తులు నల్ల డైమండ్లలో ప్రశ్నార్థకాలుగా మారాయి. బాబాయిగారికి ఆ సంగతి తెలియదు. ఆయన తన కంప్యూటర్లో ఫైలు తెరిచి చూసుకునేవారు, అక్కడ అంతా చక్కగానే కనిపించేది.

ముక్కల నుంచి అక్షరాలకు

ఈ పనంతటిలో ఎక్కువ సమయం తిన్నది ఇదే, నేర్పించిందీ ఇదే.

పాత ఫాంట్లకు దొరికే కన్వర్టర్లు రెండు మూడు ప్రయత్నించాను. ఆయన వాడిన ఫాంటు దేనికీ సరిగ్గా అందలేదు. అందుకని ఆ ఫాంటును తెరిచి, ఏ స్థానంలో ఏ ముక్క ఉందో పట్టిక రాసుకుని, పైథాన్‌లో సొంతంగా ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. ముక్కకు ముక్క మార్చుకుంటూ పోతే సరిపోతుందనుకున్నాను. “శాస్త్రి” దగ్గర ఆగిపోయాను.

ఆ ఒక్క మాటనూ విప్పి చూపిస్తాను. పాత ఫైల్లో ఆ మాట ఇలా ఉంది: శ, దీర్ఘం, క్రావడి (ర-వత్తు), సి, త-వత్తు. కాగితం మీద కంటికి ఎడమ నుంచి కుడికి కనిపించే వరస అది. క్రావడి స కింద ఎడమవైపు నుంచి చుట్టుకుంటుంది కాబట్టి ముందు దాన్నే కొట్టాలి. గుడి స నెత్తిన ఉంటుంది కాబట్టి ఫాంటులో “సి” ఒకటే ముక్క. యూనికోడ్‌కు కావలసింది మనం పలికే వరస: శ, దీర్ఘం, స, పొల్లు, త, పొల్లు, ర, ఆ తర్వాత గుడి. అంటే స మీద ఉన్న గుడిని ఊడదీసి అన్నిటికన్నా చివర పెట్టాలి, స కన్నా ముందున్న క్రావడిని త తర్వాతికి తేవాలి. ముక్కకు ముక్క మారిస్తే ఇది ఎప్పటికీ కుదరదు. ఒక అక్షరం మొత్తాన్ని, అంటే హల్లు, వత్తులు, గుణింతం కలిపి, ఒక్క గుప్పిట్లోకి తీసుకుని విడదీసి మళ్లీ పేర్చాలి. ప్రోగ్రాం తిరగరాశాను.

రెండోది “మ”. ఆ ఫాంటులో మ అనే ముక్క విడిగా లేదు. వ ముక్క పక్కన కొమ్ము పెడితే మ. కాబట్టి మొదటి విడతలో అమ్మ కాస్తా “అవ్ము” అయింది. నిజమైన “వు”కు ఫాంటులో వేరే ముక్క ఉండడంతో ఇది త్వరగానే సర్దుకుంది. ప్రమాదం కంటికి కనిపించని చోట ఉంది. “మొదటి” అన్న మాట కోసం వెతికితే 214 పేజీల్లో తొమ్మిదే వచ్చాయి. బాబాయిగారు పేజీకి రెండుసార్లయినా వాడే మాట అది! పేజీ తెరిచి చూస్తే మొదటి, మొదలు, మొత్తం అన్నీ చక్కగా కనిపిస్తున్నాయి. లోపలికి వెళ్లి చూస్తే అవి మ మీద ఎత్వం పెట్టి, దాని పక్కన కొమ్ము తగిలించినవి. “మొ” కాదు, “మెు”. చాలా ఫాంట్లలో ఈ రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. మనిషి తేడా పట్టలేడు, సెర్చ్ కలపలేదు. “యొక్క” కూడా ఇంతే, “యెుక్క” అయి కూర్చుంది. పాత ఫాంట్ల నుంచి మారిన తెలుగు ఎక్కడ చూసినా ఈ తప్పు కనిపిస్తుంది. ఫోన్లలో టైపు చేసేవాళ్లూ తెలియక ఇలాగే కొడుతుంటారు.

అప్పుడు తప్పుల పట్టిక ఒకటి రాసి ప్రతి ఫైలునూ దాని మీద నడిపాను. ఒక హల్లుకు రెండు గుణింతాలు పక్కపక్కన వస్తే తప్పు. పొల్లు తర్వాత గుణింతం వస్తే తప్పు. రెండు అక్షరాల మధ్య సున్న ఉండవలసిన చోట తెలుగు అంకె సున్న ఉంటే తప్పు. చూడ్డానికి ం, ౦ ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం ఒకటి అక్షరం, ఒకటి అంకె. ఐత్వం ఒక్కటే ఇక్కడ మినహాయింపు. యూనికోడ్‌లో దాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం కింద మరో ముక్క చేర్చిన రెండు గుర్తులుగానూ రాయవచ్చు, రెండూ చెల్లుతాయి. అన్నిటినీ ఒకే రూపంలోకి తెచ్చుకోకపోతే “మైలాపూరు” రెండు వేర్వేరు మాటలవుతుంది.

ఇక నా పొరపాటు. మార్చిన పేజీలను ప్రింటు తీసి పెరంబూరు పట్టుకెళ్లాను. బాబాయిగారు ఎర్రపెన్ను తీసుకుని మొదటి పేజీ మీదే ఆగారు. “అమ్మా, నా అరసున్నలేవి?” ఆయన ఇప్పటికీ “వాఁడు”, “క్రొత్త” అనే రాస్తారు. చిన్నప్పుడు తెనాలి దగ్గర బళ్లో నేర్చుకున్న రాత అది, ఎవరి కోసమూ మార్చుకోలేదు. నేను అచ్చువేసిన 214 పేజీల్లో ఒక్క అరసున్న కూడా లేదు.

ఎందుకో ఆ రాత్రి తెలిసింది. ఫైళ్లను విండోస్-1252 అనే పాత ఇంగ్లీషు అక్షరాల పద్ధతిలో చదివించాను. ఆ పద్ధతిలో 256 స్థానాలకు గాను అయిదు ఖాళీగా ఉంటాయి. ఫాంటు చేసినవాళ్లు చోటు చాలక ఆ ఖాళీల్లో ఒకదాంట్లో అరసున్నను పెట్టారు. చదవలేనిది వస్తే వదిలేసి ముందుకెళ్లమని నేనే ప్రోగ్రాంకు చెప్పాను, అది వదిలేసింది. అలా చెప్పకుండా ఉంటే మొదటి ఫైలు దగ్గరే తప్పు చూపి ఆగిపోయేది. ఆగడమే మేలు. మొత్తం మళ్లీ మొదటి నుంచి చేశాను, ఈసారి అక్షరాలుగా కాక నేరుగా బైట్లుగా, అంటే ఫైల్లోని ముడి సంఖ్యలుగా చదివి. పాత ఫైళ్లతో పనిచేసేవాళ్లకు నేను చేతులు పట్టుకుని చెప్పేది ఇదొక్కటే, తెలియనిది ఎదురైతే ప్రోగ్రాంను ఆగనివ్వండి.

రెండో విడత ప్రింట్లను బాబాయిగారు పైకి చదివితే పిన్నిగారు పాత కంప్యూటర్ తెర చూస్తూ సరిపోల్చారు. రోజుకు పది పేజీలు, మూడు వారాలు. నేను రాసిన ఏ పట్టికా పట్టుకోలేని తప్పులు పిన్నిగారు పదిహేడు పట్టుకున్నారు.

వరస

ఈలోగా డిజైన్ కూడా మొదలుపెట్టాను. నా అలవాటు ప్రకారమే చేశాను. పాత హోమ్ పేజీ ఒక పొడుగాటి జాబితా, పైనుంచి కిందికి లింకులే లింకులు. తేదీల వరస కాదు, అక్షరక్రమం కాదు, విషయాల వారీ కూడా కాదు. పెంచుకుంటూ పోతే అలా అయిపోయిందనుకున్నాను. అన్నిటినీ అయిదు విభాగాలు చేశాను: వీధులు, పత్రికలు, సినిమా, గుళ్లు, మనుషులు. ఒక్కోదానికి ఫోటోతో కార్డు. కొత్తగా, శుభ్రంగా ఉంది. నాకు నచ్చింది.

ల్యాప్‌టాప్ ఆయన ముందు పెట్టాను. చాలాసేపు మాట్లాడలేదు. మౌస్‌తో కిందికీ పైకీ జరిపి, చివరికి మెల్లగా అడిగారు. “మింట్ స్ట్రీట్ తర్వాత సినిమా ఎట్లా వచ్చిందమ్మా?”

“అది విభాగం బాబాయిగారూ. సినిమా పేజీలన్నీ ఒకచోట ఉంటే వెతుక్కోవడం సులభం కదా.”

“మింట్ స్ట్రీట్ తర్వాత గోవిందప్ప నాయకన్ వీధి వస్తుంది. అక్కణ్నుంచి బ్రాడ్వే. సినిమావాళ్ల కోడంబాకం పోవాలంటే ఇంకా ఎంత దూరం పోవాల!”

అప్పుడు పాత జాబితాను తెర మీదికి తెచ్చి, ఆయన వేలు ఒక్కో లింకు మీద పెడుతూ చెప్పుకొచ్చారు. సెంట్రల్ స్టేషన్. 1965లో రైలు దిగింది అక్కడే. అక్కడి నుంచి పార్క్‌టౌన్, సౌకార్‌పేటలోని మింట్ స్ట్రీట్, గోవిందప్ప నాయకన్ వీధి, బ్రాడ్వే. తర్వాత ట్రిప్లికేన్, రాయపేట హైరోడ్డు మీదుగా మైలాపూరు, లజ్ దగ్గర అమృతాంజనం వారి చోటు. అక్కడి నుంచి పానగల్ పార్కు, కోడంబాకం, చివరికి వడపళని. పెళ్లికి ముందు ఆదివారాలు ఆయన కొంత నడిచి, కొంత బస్సెక్కి తిరిగిన దారి అది. ఆంధ్రపత్రిక గురించిన పేజీ “పత్రికలు” కాబట్టి అక్కడ లేదు, ఆ వీధి మలుపు తిరిగితే ఆఫీసు ఎదురవుతుంది కాబట్టి అక్కడ ఉంది. చందమామ వడపళని దగ్గర ఉంది. కొన్ని లింకుల ముందు రెండు ఖాళీలు వదిలి ఉంటే ఫ్రంట్‌పేజ్ చేసిన గజిబిజి అనుకుని తుడిచేశాను. అవి సందులు. పెద్దవీధిలోంచి లోపలికి వెళ్లి మళ్లీ వెనక్కి రావలసినవి.

ఇంటికొచ్చి మ్యాపు తెరిచి, జాబితాలో ఉన్న చోట్లన్నీ వరసగా చుక్కలు పెట్టాను. గీత ఎక్కడా తెగలేదు.

నా డిజైన్ పక్కన పడేశాను. ఆ రోజు ఎంత భయమేసిందంటే, ఆయన మొహమాటపడి “బాగుందమ్మా” అని ఊరుకుని ఉంటే ఆ దారి శాశ్వతంగా పోయేది. ఆయన ఎక్కడా రాయలేదు దాన్ని. ఆ జాబితా వరసలో తప్ప మరెక్కడా లేదు.

కొత్త హోమ్ పేజీ కూడా ఒక పొడుగాటి జాబితాయే. 31 మజిలీలు, ఒక్కో మజిలీ కింద అక్కడి పేజీలు, సందులు కాస్త లోపలికి జరిపి. ఫోన్లో మజిలీ పేరు మీద వేలు పెడితే కింద విచ్చుకుంటుంది. ప్రతి పేజీ అడుగున ఇదివరకు లేనివి రెండు లింకులు చేర్చాను: “వెనక్కి: మింట్ స్ట్రీట్”, “ముందుకు: బ్రాడ్వే”. వెనక్కి, ముందుకు అన్న మాటలు ఆయనవే. చదివేవాళ్లు హోమ్ పేజీకి రాకుండానే సెంట్రల్ నుంచి వడపళని దాకా వెళ్లిపోవచ్చు. ఏదో ఒకటి వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం నా అయిదు విభాగాలూ ఉన్నాయి, కానీ వేరే పేజీలో.

తేదీలు

ఆయన ఏ పేజీకీ ఇంగ్లీషు తేదీ వేయలేదు. “వ్యయ, కార్తీక పౌర్ణమి” అని ఉంటుంది. సంవత్సరాల పేర్ల పట్టిక వేసుకుని, పంచాంగం చూసి, అది 2006 నవంబరు 5 అని కంప్యూటర్‌కు అర్థమయ్యేలా లోపల రాశాను. చదివేవాళ్లకు కనిపించేది మాత్రం ఆయన రాసిందే.

అక్షరం, దాని చుట్టూ చోటు

చదివేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. అంటే డిజైన్ అంతా ఒక్క పేరా ఎంత హాయిగా చదవగలం అన్నదే. ఫాంట్లు పరీక్షించడానికి అందమైన వాక్యం వాడకూడదు, కష్టమైన మాటలు వాడాలి. నేను వాడినవి: స్వాతంత్ర్యం, రాష్ట్రం, లక్ష్మి, వైశిష్ట్యం, జ్ఞానం, వాఁడు. చూడ్డానికి ముచ్చటైన ఫాంట్లు రెండు “స్వాతంత్ర్యం” దగ్గరే వత్తులు ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడ్డాయి. చివరికి చదివే భాగానికి మండలి, మజిలీల పేర్లకు రామభద్ర పెట్టాను. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ఫోన్లో అక్షరం 19 పిక్సెళ్లు, లైనుకూ లైనుకూ మధ్య ఎత్తు దానికి 1.75 రెట్లు. ఇంగ్లీషు సైట్లలో 1.5 చాలు. తెలుగులో పైన గుడులు, కింద వత్తులు, కొన్నిచోట్ల వత్తు కింద మరో వత్తు. 1.5 పెడితే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. హెడింగులకు పెట్టె దాటి బయటికొచ్చింది కత్తిరించమని చెప్పకూడదు, “రాష్ట్రం” అడుగు తెగిపోతుంది. ఇటాలిక్ మొత్తం తీసేశాను. తెలుగు అచ్చులో వాలు అక్షరాల సంప్రదాయం లేదు, బ్రౌజర్ బలవంతాన పక్కకు వంచితే వత్తులు ఎక్కడివో తెలియదు. బోల్డ్ కూడా నిజమైన బోల్డ్ ఉన్న ఫాంటుతోనే వేయాలి. లేకపోతే బ్రౌజర్ అదే అక్షరాన్ని దళసరి చేస్తుంది, థ లోపలి చుక్క పూడుకుపోతుంది.

తెలుగు మాటలు సంధి కలిసి పొడుగవుతాయి కదా, ఇరుకైన ఫోన్లో ఒక్క మాటే లైను దాటి బయటికి పోతుంది. అవసరమైతే మాటను విరవమని చెప్పాలి, కానీ అక్షరం మధ్యలో కాకుండా. పేజీ భాష తెలుగు అని పైన ప్రకటించడం కూడా మరవకూడదు. చూపు తగ్గినవాళ్లు వాడే చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని చూసే తెలుగు గొంతును ఎంచుకుంటుంది.

పరుగెత్తే వాక్యం గురించి కొంచెం వాదన జరిగింది. చదివేలోపు వెళ్లిపోతుందని నేను, అది లేకపోతే కొత్త పేజీ వచ్చినట్టు ఎవరికి తెలుస్తుందని ఆయన. ఆయనకు కావలసింది పరుగు కాదు, కబురు. జాబితా పైన “క్రొత్తది” అని నిలిచి ఉండే ఒక లైను పెట్టాం. నిమ్మపండు రంగు మాత్రం ఉంచాను, కాస్త పలచన చేసి. ఆ రంగు చూసి సైటు గుర్తుపట్టేవాళ్లున్నారు.

పాత చిరునామాలు

ఇరవై రెండేళ్లలో ఆ పేజీల చిరునామాలు ఎవరెవరి ఉత్తరాల్లో, డైరీల్లో ఉన్నాయో మనకు తెలియదు. అందుకని ఫైళ్ల పేర్లు ఒక్కటి కూడా మార్చలేదు. మైలాపూరు స్పెల్లింగు తప్పుగా ఉన్నా అలాగే ఉంచాను. చిరునామాలు తెలుగులో పెడదామా అని బాబాయిగారు అడిగారు. వద్దన్నాను. తెలుగు చిరునామాను వాట్సాప్‌లో అతికిస్తే ఒక్కో గుర్తుకు తొమ్మిది ఇంగ్లీషు గుర్తుల లెక్కన శాతం చిహ్నాల గొలుసవుతుంది, ఎవరూ నమ్మి నొక్కరు.

ఇంత జాగ్రత్తపడ్డా ఒకటి తప్పింది. పాత సర్వర్ విండోస్‌ది, దానికి పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ ఒకటే. కొత్తది లినక్స్, దానికి వేరు. మొదటి వారం లాగ్ (ఎవరు ఏ పేజీ అడిగారో సర్వర్ రాసుకునే చిట్టా) చూస్తే “పేజీ లేదు” అన్నవి 37 చిరునామాలు, అన్నీ ఈ కారణంగానే. వాటిని సరైన పేజీకి శాశ్వతంగా మళ్లించాను. కొత్త సైటు పెట్టాక నెలపాటు ఆ లాగ్ రోజూ చూడడం మా పనిలో భాగమే.

సెర్చ్‌కు చిన్న పర్యాయపదాల పట్టిక రాశాను. ఆయన ఒకచోట మదరాసు అంటారు, ఒకచోట మద్రాసు, ఒకచోట చెన్నపట్నం, 1996లో పేరు మారిన తర్వాతి సంగతుల్లో చెన్నై. ఏది కొట్టినా అన్నీ రావాలి. కొత్త, క్రొత్త కూడా అంతే. అరసున్న ఉన్నా లేకపోయినా మాట దొరకాలి.

ఇప్పుడు ఎలా రాస్తున్నారు

డేటాబేస్ లేదు, లాగిన్ లేదు. ఎనభై రెండేళ్ల మనిషికి నెల నెలా అప్‌డేట్లు, పాస్‌వర్డుల టెన్షన్ అక్కర్లేదు. నాకేమైనా అయినా సైటు నడవాలి. ఆయన కంప్యూటర్లో ఒక ఫోల్డర్ ఉంది. మామూలు టెక్స్ట్ ఫైల్లో మొదటి లైను శీర్షిక, రెండోది తేదీ ఆయన పద్ధతిలో, మూడోది ఏ మజిలీ తర్వాత రావాలో. ఆ కింద రాసుకుంటూ పోవడమే. రాత్రికి నా ప్రోగ్రాం పేజీ కట్టి పైకి పంపుతుంది. తప్పుల పట్టిక కూడా అప్పుడే నడుస్తుంది. “మెు” కనిపిస్తే పేజీ వెళ్లదు, ఏ లైనులో ఉందో ఆయనకు మెయిల్ వస్తుంది. ఫైళ్ల నకలు ఒకటి పిన్నిగారి బీరువాలో పెన్ డ్రైవ్‌లో, ఒకటి నా దగ్గర.

ఫోటోలు ఇంకా మిగిలే ఉన్నాయి. 2004లో స్కాన్ చేసినవి 320 పిక్సెళ్ల వెడల్పే, పెద్దవి చేస్తే మసకబారతాయి. అసలు ఫోటోలు దొరికినవి మళ్లీ స్కాన్ చేస్తున్నాం. దొరకనివి చిన్నగానే ఉంటాయి.

మరొకటి కూడా చెప్పాలి. పాత జాబితా అడుగున, వడపళని తర్వాత, “పెరంబూరు” అని ఒక లైను ఉండేది. లింకు లేదు, ఉత్త మాట. 2005 నుంచి అలాగే ఉంది. పని చేయని లింకులతో పాటు దాన్నీ మొదటి రోజే తీసేశాను. కొత్త సైటు పైకి పంపే ముందు ఆయన చివరిసారి వరస చూసుకుంటూ వడపళని దగ్గర ఆగి, “ఇంటికి రాలేదేమమ్మా?” అన్నారు. పేజీ లేదు కదా బాబాయిగారూ అన్నాను. “రాస్తాను. చోటుండనీ.”

32వ మజిలీగా చేర్చాను. పేరొక్కటే ఉంది, నొక్కితే ఏమీ తెరుచుకోదు. మొన్న ఆయన ఫోల్డర్లో ఆ పేరుతో ఒక ఫైలు కనిపించింది. మొదటి లైనులో శీర్షిక ఉంది, రెండో లైనులో తేదీ ఇంకా వేయలేదు.